అన్నిచోట్లా కనపడటమా, ఒక్కచోట పలకడమా

పల్నాటిలో చిన్న వ్యాపారం మొదలుపెట్టిన ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు ఒకే తగువు. ఫోనులో ఇన్ని వేదికలున్నాయి, దేనిమీద పొద్దు పుచ్చాలి? పెట్టుబడి తక్కువ, మనుషులు తక్కువ, చేతిలో ఉన్న గంటలు ఇంకా తక్కువ. ఇక్కడ లెక్క తప్పితే పెద్ద కంపెనీలకు పోయేదేమీ లేదు. పొయ్యి ముందు నిలబడి నాలుగు డబ్బాల పచ్చడి అమ్ముకునేవాళ్లే దెబ్బతింటారు. అందుకే ఈ తగువును ఇద్దరి నోట వినిపిస్తున్నాను. ఇద్దరూ నేను కల్పించినవాళ్లే. బాబాయికి గురజాలలో ఎరువులు, పురుగుమందుల కొట్టు. ఆయన అన్న కూతురు నరసరావుపేటలో ఇంటి దగ్గరే కారంపొడులు, పచ్చళ్లు చేసి అమ్ముతుంది. చేసేది తనూ, వాళ్లమ్మా, సాయానికి ఇంకో మనిషీ. వయసు చూసి ఎవరిది ఏ పక్షమో అనుకోవద్దు. అన్నిట్లోనూ ఉండాలనేది బాబాయి. ఒక్కదాన్నే పట్టుకుంటాననేది అమ్మాయి.

బాబాయి: ఇన్‌స్టాగ్రామ్ మానేశావంట గదా, మీ అమ్మ చెప్పింది. లోకమంతా అందులోకి ఎక్కుతుంటే నువ్వు దిగుతున్నావేంది తల్లీ?

అమ్మాయి: ఖాతా అట్టాగే ఉంది బాబాయ్. రోజూ రీలు చేసే పని మానేశాను. ఒక రీలు చెయ్యాలంటే వెలుతురు చూసుకోవాలి, పాట వెతకాలి, తీసిన ముక్కలు కోసి అతికించాలి. అదయ్యేసరికి ఒక పూట పోతుంది. ఆ పూటంతా వాట్సాప్‌లో ధర అడిగినవాళ్లకు జవాబుండదు. రీలు చూసినవాళ్లు వేలల్లో ఉన్నారు. అది చూసి కొన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

బాబాయి: ఇవాళ చూసినోడు రేపు కొంటాడు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో కొట్టు పెట్టినోడు, వచ్చిన ప్రతివాడూ కొంటాడని పెట్టడు గదా. జనం నడిచే దోవలో నిలబడతాడు. ఫేస్‌బుక్, ఇన్‌స్టా, యూట్యూబు, వాట్సాపు, షేర్‌చాట్, యాడ జనం ఉంటే ఆడ మన పేరు కనపడాలి. ఖాతా తెరవడానికి పైసా ఖర్చు లేదాయె.

అమ్మాయి: తిరునాళ్ల ఒక్కరోజు. ఆ రోజుకు చుట్టాలందర్నీ పిలిచి కొట్లో నిలబెట్టుకుంటాం. ఇది ఏడాది పొడుగునా ఉండేది. తెరవడానికి ఖర్చు లేదు, నిజమే. దాన్ని నడపడానికి మనిషి కావాలి. ఫేస్‌బుక్‌లో ఒకావిడ ‘పండుమిర్చి పచ్చడి కిలో ఎంతమ్మా’ అని అడిగి, వారమైనా జవాబు రాకపోతే ఏమనుకుంటుంది? వ్యాపారం మూసేశారనుకుంటుంది, లేకపోతే పొగరనుకుంటుంది. అసలు అక్కడ నేను లేకపోతే ఆ మాటే రాదు.

బాబాయి: సరే, ఒక్కదాన్నే పట్టుకున్నావనుకో. 2020 జూన్ 29 గుర్తుందా? టిక్‌టాక్‌తో కలిపి 59 చైనా యాప్‌లను ఒక్క దెబ్బకు నిషేధించారు. మన పక్క ఎంతమంది పిల్లలు అందులో పేరు తెచ్చుకున్నారు! తెల్లారేసరికి వాళ్ల వీడియోలు లేవు, చూసేవాళ్లూ లేరు. అంతకుముందు 2014లో ఆర్కుట్ మూసేశారు, 2019లో గూగుల్ ప్లస్ మూసేశారు. ఒక్కదాన్ని నమ్ముకున్నోడి పని అట్టా అయింది.

అమ్మాయి: రోగం సరిగ్గానే చెప్పావు, మందు మాత్రం అది కాదు. 2021 అక్టోబరు 4 రాత్రి ఏమైందో గుర్తు తెచ్చుకో. వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టా మూడూ ఒక్కసారే ఆగిపోయాయి. దాదాపు ఆరు గంటలు ఒక్క మెసేజీ కదల్లేదు. మూడింటికీ యజమాని ఒకే కంపెనీ కాబట్టి. ఇన్‌స్టాను 2012లో కొన్నారు, వాట్సాప్‌ను 2014లో కొన్నారు. మూడు చోట్ల ఉన్నాం గదా అని ధీమాగా ఉన్నవాళ్లకు ఆ రాత్రి ఒక్కటీ పనికిరాలేదు. నేను నమ్ముకుంది ఇదిగో, ఈ రూళ్ల పుస్తకం. కొన్న ప్రతి మనిషి పేరు, నంబరు, ఊరు, ఏం తీసుకున్నారు, ఉప్పు తగ్గించమన్నారా, వెల్లుల్లి వద్దన్నారా, అన్నీ ఇందులో ఉన్నాయి. రేపు వాట్సాపే లేకుండా పోయినా ఫోన్ చేసి పిలుస్తాను. ఇన్‌స్టాలో పదివేలమంది నన్ను ఫాలో అయినా వాళ్లలో ఒక్కరి నంబరూ నా దగ్గరుండదు.

బాబాయి: పుస్తకం మంచిదే. నా కొట్లోనూ ఉంది, ఏ రైతు ఏ మందు పట్టుకెళ్లాడో రాసుకుంటా. కానీ ఆ పుస్తకంలోకి కొత్త పేరు ఎట్టా వస్తది? వాట్సాప్‌లో దారినపోయేవాడంటూ ఉండడు. నీ నంబరు తెలిసినోడే నీ దగ్గరికొస్తాడు. తెలియనోడికి నువ్వొకదానివి ఉన్నావనే తెలియదు. ఇది ఒప్పుకుంటావా, లేదా?

అమ్మాయి: ఒప్పుకుంటాను. వాట్సాప్‌లో వెతికితే కొత్తవాళ్లకు నేను దొరకను. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికి మించి పట్టరు. వాళ్లలోనూ నా నంబరు తమ ఫోనులో దాచుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. 2023 సెప్టెంబరులో చానళ్లు వచ్చాయి. వాటిలో ఎంతమందైనా చేరొచ్చు గానీ, చేరినవాళ్ల నంబర్లు నాకు తెలియవు. వాళ్లు తిరిగి ఒక మాట అడగాలన్నా అక్కడ కుదరదు.

బాబాయి: మరి ఇంత తెలిసీ దాన్నే ఎందుకు పట్టుకుని వేలాడుతున్నావు?

అమ్మాయి: నంబరు దాచుకున్న మనిషంటే ఒకసారి కొని, మళ్లీ కొందామనుకున్న మనిషి. అట్టాంటివాళ్లు నిండా ఒక లిస్టుడు ఉంటే మా ముగ్గురి చేతులకు సరిపడా పని ఉంటుంది. ఫిబ్రవరిలో ‘పండుమిర్చి వచ్చింది, పచ్చడి పెడుతున్నాం, ఎంత పక్కన పెట్టమంటారు’ అని ఒక్క మాట పంపుతాను. కల్లంలో ఆరబోసిన కాయ ఫొటో స్టేటస్‌లో పెడతాను. ఇరవై నాలుగు గంటల్లో అది పోతుంది కాబట్టి చూసినవాళ్లు అప్పుడే అడుగుతారు. 2018లో వచ్చిన బిజినెస్ వాట్సాప్‌లో ధరలతో సహా సరుకుల జాబితా పెట్టుకోవచ్చు. డబ్బు పంపినవాళ్లకు ఒక రంగు లేబులు, పార్సిలు వెళ్లినవాళ్లకు ఇంకో రంగు. పచ్చడి కొనే మనిషి డబ్బు పంపే ముందు ఒకటి రెండు మాటలు అడుగుతారు బాబాయ్. నూనె ఏది వాడారు, ఎన్నాళ్లు నిలవుంటుంది, దారిలో కారిపోదు గదా. ఆ మాటలు జరిగేది ఇక్కడే. ఇంకెక్కడ చూసినా చివరికి ఇక్కడికే రావాలి.

బాబాయి: రావాలంటే ముందు చూడాలి గదా! అమెరికాలో మనవాళ్లు ఎట్టా పెరిగారో తెలుసా? 2010కీ 2017కీ మధ్య అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ల సంఖ్య 86 శాతం పెరిగిందని లెక్కలొచ్చినయ్. అక్కడి తెలుగు సంఘం తానా వాళ్లు 1977 నుంచి సభలు పెడుతున్నారు. వాళ్లంతా ఫేస్‌బుక్ గ్రూపుల్లో ఉంటారు. ఇల్లు అద్దెకు కావాలన్నా, గోంగూర యాడ దొరుకుతుందన్నా అడిగేది ఆడే. ఆ గ్రూపుల్లో ‘నరసరావుపేట పచ్చడి’ అని నీ పేరు ఒక్కసారి పడితే చాలు.

అమ్మాయి: తినేది డాలస్‌లోనే గానీ కొనేది ఇక్కడ. నా దగ్గర్నుంచి అమెరికా పోయే పార్సిళ్లలో ఎక్కువ వాటికి ఆర్డరిచ్చేది అక్కడున్న అబ్బాయి కాదు, ఇక్కడ మన ఊరి బరంపేటలో ఉన్న వాళ్లమ్మ. ఆవిడ వస్తుంది, కూర్చుంటుంది, అన్నంలో కలుపుకుని రుచి చూస్తుంది. పులుపు చాల్లేదంటుంది, ఇంకో గిన్నె తియ్యమంటుంది. ఆవిడ సరేనన్నాకే కొరియర్. ఆవిడకు ఫేస్‌బుక్ లేదు. వాట్సాపూ, ఫోనూ, యూట్యూబులో ప్రవచనాలూ వంటలూ, అంతే ఆవిడ ఫోను. ఇంట్లో కొనే నిర్ణయం ఎవరిదో చూడకుండా తినేవాడు యాడున్నాడో చూస్తే ఎట్టా?

బాబాయి: అందరికీ అమ్మలు బరంపేటలో లేరమ్మా. కూకట్‌పల్లి హాస్టల్లో ఉండే పిల్లకు ఎవరు కొంటారు? ఆ పిల్ల పొద్దస్తమానం ఇన్‌స్టాలో ఉంటది. నువ్వు వదిలేసుకుంది ఆ పిల్లని.

అమ్మాయి: ఆ పిల్ల కొనేది పావుకిలో. గట్టి డబ్బా, అట్టపెట్టె, కొరియర్ అన్నీ కలిపితే పచ్చడి ధరకు దగ్గరదాకా పోతుంది.

బాబాయి: ఇవాళ పావుకిలోనే. పెళ్లయి కాపురం పెట్టినాక? బరంపేట అమ్మ ఇంకెన్నాళ్లు పచ్చడి కొని పంపిస్తది? ఆవిడ తర్వాత కొనే మనిషి ఇప్పుడు ఆ హాస్టల్లోనే కూర్చుని ఉంది.

(బాబాయి వాదనలో నాకు బలంగా తోచిన మాట ఇదే. ఇవాళ్టి గిరాకీని చూసి వేదికను ఎంచుకోవడం తెలివైన పనే. అయితే ఇరవై రెండేళ్ల పిల్ల ఏ రుచికి అలవాటు పడుతోందో పట్టించుకోని పచ్చళ్లవాళ్లు తమ తర్వాతి తరాన్ని కంపెనీ సీసాలకు వదిలేసినట్టే. అమ్మాయి దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. మాట మార్చింది. మార్చినా, అడగాల్సిన ప్రశ్ననే అడిగింది.)

అమ్మాయి: నువ్వనుకున్నట్టే అయిందనుకో. రీలు ఒకటి పేలింది, రాష్ట్రమంతా చూసింది. అప్పుడేం చెయ్యాలి? 2024 జనవరిలో హైదరాబాదు మాదాపూర్‌లో రోడ్డు పక్కన అన్నం పెట్టే కుమారి ఆంటీ సంగతి చూశావు గదా.

బాబాయి: చూడకేం. ఎవరెవరో వచ్చి వీడియోలు తీస్తేనే గదా ఆమెకు అంత పేరొచ్చింది!

అమ్మాయి: వచ్చిన జనానికి రోడ్డు ఆగిపోయి, పోలీసులు ఆమె బండినే తీయించారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కల్పించుకుని చెప్పాకే మళ్లీ అక్కడ పెట్టుకుంది. అందరి కోసం ముఖ్యమంత్రి రాడు. నాకు ఒక్కరోజులో మూడొందల కిలోలకు ఆర్డరొచ్చిందనుకో. మిర్చి దొరుకుతుంది, మన జిల్లానే మిర్చి జిల్లా. అమ్మ చెయ్యి ఎక్కడ దొరుకుతుంది? ఎక్కడో చేసినదాన్ని కొని మా డబ్బాలో నింపాలి. బరంపేట ఆవిడ ఒక్క ముద్ద పెట్టుకుని కనిపెట్టేస్తుంది.

బాబాయి: ఆర్డర్లు ఎక్కువైతే ‘అయిపోయింది, వచ్చే నెల’ అని చెప్పు. అదేం తప్పు?

అమ్మాయి: చెప్పడానికే మనిషుండాలి అంటున్నా. 2025 ఏప్రిల్లో రాజమండ్రిలో పచ్చళ్లు అమ్మేవాళ్ల గొడవ విన్నావు గదా. ‘ధర ఇంతా’ అన్న మనిషికి వాట్సాప్‌లో బూతుల వాయిస్ మెసేజ్ పోయింది. అది బయటికొచ్చి రెండు రాష్ట్రాలూ విన్నాయి, వ్యాపారం ఆగిపోయింది. ఇన్‌స్టాలో సంపాదించిన పేరంతా ఒక్క జవాబుతో పోయింది.

బాబాయి: చూశావా, నువ్వు నమ్ముకున్న వాట్సాపే ముంచింది!

అమ్మాయి: ముంచింది వాట్సాప్ కాదు బాబాయ్, జవాబు. వాళ్ల ఇంట్లో ఆరోజు ఏం జరిగిందో నాకు తెలియదు, వాళ్లను అనే హక్కూ నాకు లేదు. నా సంగతి మాత్రం నాకు తెలుసు. ఐదు చోట్ల జవాబులు చెప్పి, రాత్రి పదకొండుకు ఆరో మనిషి ‘ఇంత రేటా’ అంటే నా నోటివెంట కూడా ఏం వస్తుందో చెప్పలేను. ఒక్కచోటే ఉంటే పొద్దున్నే స్తిమితంగా కూర్చుని, తేజ రకం మిరపకాయ కిలో ఎంత పడింది, తొడిమలు తీసేవాళ్లకు కూలి ఎంత, ఆడిస్తే ఎంత తరుగు పోయింది, అన్నీ విడమరిచి చెప్తాను. విన్నవాళ్లలో సగం మంది కొంటారు.

బాబాయి: సరే, నీ పచ్చళ్లు పక్కన పెట్టు. దుర్గిలో రాతిబొమ్మలు చెక్కేవాళ్లున్నారు. దుర్గి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మాచర్లలో నాపరాళ్లు అమ్మేవాళ్లున్నారు. వాళ్లకూ వాట్సాపేనంటావా?

అమ్మాయి: అనను. దుర్గి శిల్పికి యూట్యూబు. నంది విగ్రహం చెక్కుతుంటే చూసేవాళ్లకు ఆ పనితనం అక్కడే తెలుస్తుంది. ముక్కుతాడు, మెడలో గంటలు, మూపురం ఒక్కొక్కటే రాతిలోంచి బయటికొస్తుంటే వేరే మాట అక్కర్లేదు. కొనేదెవరు? ఎక్కడో ఊళ్లో గుడి కట్టుకునే కమిటీ పెద్దలు. వాళ్లు ఇవాళ కాకపోతే రెండేళ్లకు ‘నంది విగ్రహం’ అని వెతుకుతారు. ఇన్‌స్టాలో రెండేళ్ల కిందటి రీలు ఎవరి కంటా పడదు. యూట్యూబులో పాత వీడియో కూడా వెతికితే దొరుకుతుంది. అందుకని శిల్పి నెలకొకటి పెట్టినా చాలు, వీడియో కింద ఊరు, నంబరు, రాయి పేరు, విగ్రహం ఎత్తు తెలుగులో రాసి పెడితే. నాపరాళ్ల వ్యాపారికి ఇవేవీ అక్కర్లేదు. ఇల్లు కట్టేవాడు జీవితంలో ఒక్కసారి కొంటాడు. బండల కొట్టును ఎవరు ఫాలో అవుతారు? వాడు గూగుల్ మ్యాప్‌లో వెతుకుతాడు. అక్కడ పేరు పెట్టుకోవడం ఉచితం. యార్డు ఫొటోలు, బండ మందం, లోడు లారీకి దోవ ఉందా, కొన్నవాళ్లు రాసిన నాలుగు మంచి మాటలు ఉంటే ఫోను మోగుతుంది.

బాబాయి: నా కొట్టుకు?

అమ్మాయి: నీ కొట్టుకు ఏం వాడతావో నువ్వే చెప్పు. ఫేస్‌బుక్ పేజీ ఉందా?

బాబాయి: నాకెందుకే? నా రైతులు గురజాల, రెంటచింతల, దాచేపల్లి దాటి రారు.

అమ్మాయి: 2021లో నల్లతామర పురుగు మిర్చి మీద పడ్డప్పుడు?

బాబాయి: అబ్బో, అది తలచుకోవద్దు. ఫోనంతా పూలూ, ఆకులే. తెల్లారి పూతలో పురుగు కనపడితే చాలు, ఫొటో తీసి పంపేవాళ్లు. ‘ఏం కొట్టమంటావు’ అని. ఒకళ్ల తోట ఫొటో ఇంకొకళ్లకు పంపి, ఇట్టా ఉందా నీ తోటలో అని అడిగేవాణ్ణి. ఇప్పటికీ అంతే. రేట్లకు మాత్రం వాళ్లు యూట్యూబు చూస్తారు, గుంటూరు మిర్చి యార్డులో తేజ ఎంత పలికింది, 334 ఎంత పలికింది అని రోజూ చెప్పేవాళ్లున్నారు గదా.

అమ్మాయి: చూశావా, నీకు తెలియకుండానే ఒక్కటి ఎంచుకున్నావు. నీ రైతు అడిగే ప్రశ్నకు ఫొటో కావాలి, వెంటనే జవాబు కావాలి, నిన్ను నమ్మాలి. అందుకే వాట్సాపు. నేను చేసింది కూడా అదే గదా.

బాబాయి: అదే నా బాధ తల్లీ. నా కొట్టు పాతికేళ్ల కింద ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది. ఉన్న రైతులను చూసుకున్నా, కొత్తవాళ్లు ఎక్కడున్నారో చూడలేదు. పక్కనోడు పిడుగురాళ్లలో, మాచర్లలో కూడా కొట్లు తెరిచాడు. నువ్వు నాలాగా ఉండిపోవద్దనే ఇంత గొంతు చించుకునేది. మిర్చి పండించేది మనం. పేరు మాత్రం ఎవరెవరి పొట్లాల మీదో ఉంటది. ఈ ఫోను వచ్చాకే మన ఇంటి ఆడపిల్ల తన పేరుతో అమ్ముకునే వీలొచ్చింది. దాన్ని నీ వీధికే ఎందుకు కట్టేస్తావు?

అమ్మాయి: నాకూ పెరగాలనే ఉంది బాబాయ్. కానీ దుర్గి నంది కంటికి తెలుస్తుంది, నా పచ్చడి నాలుకకే తెలుస్తుంది. రీల్లో ఎంత ఎర్రగా చూపించినా రుచి తెలియదు. ఇంకా చెప్పాలంటే ఎరుపు ఎక్కువైతే అనుమానం వస్తుంది.

బాబాయి: ఆగాగు. ఇప్పుడు దోవలోకొచ్చావు. ఆ అనుమానమే నీకు పెట్టుబడి. కారంపొడి అంటే జనానికి ఎందుకు భయం? రంగు పోయిన తాలు కాయ ఆడించి రంగు కలుపుతారని. 2005లో బ్రిటన్‌లో ఏమైందో మా యార్డు వ్యాపారులు ఇప్పటికీ చెప్తారు. మన దేశం నుంచి పోయిన కారంలో సూడాన్ రంగు బయటపడి, దాంతో చేసిన నాలుగొందల రకాలకు పైగా తినే సరుకులను కొట్లలోంచి వెనక్కి తీయించారు. రుచి చూపించలేకపోతే పోనీ, కల్తీ లేదని చూపించగలవు గదా. కాయ ఏ కల్లంలో కొన్నావు, తాలు ఎట్టా ఏరి పక్కన పెట్టావు, తొడిమలు ఎవరు తీశారు, మిల్లులో ఎట్టా ఆడించావు, అన్నీ చూపించు. నీలాగా చేసేవాడు మాత్రమే అది చూపించగలడు. కల్తీ చేసేవాడు కెమెరాను మిల్లులోకి రానిస్తాడా?

అమ్మాయి: ...ఇది నేను ఆలోచించలేదు.

బాబాయి: మస్తానమ్మను చూడు. తెనాలి దగ్గర గుడివాడలో, మన పాత గుంటూరు జిల్లానే. 2016లో ఆమె వంటలను మునిమనవడు, అతని స్నేహితుడు కలిసి ‘కంట్రీ ఫుడ్స్’ అని యూట్యూబులో పెట్టారు. నూరేళ్లు దాటిన మనిషి. పుచ్చకాయలో కోడికూర వండితే ప్రపంచమంతా చూసింది. 2018 డిసెంబరులో పోయేనాటికి పది లక్షల మందికి పైగా ఆమె చానల్‌లో చేరారు. హడావుడి చేయలేదు. పొలంలో కూర్చుని కోసింది, కడిగింది, వండింది. చేసేది దాచకుండా చేసింది.

అమ్మాయి: అయితే రీలు కాదు, వీడియో. రోజూ కాదు. ఏడాదిలో మూడు నాలుగు. జనవరి, ఫిబ్రవరిలో కాయ కోత నుంచి కారం మిల్లుదాకా ఒకటి. ఏప్రిల్లో ఆవకాయ పెట్టేటప్పుడు ఒకటి. గోంగూరకు ఒకటి. వాట్సాప్‌లో ఎవరైనా ‘రంగు కలుపుతారా’ అని అడిగితే ఆ వీడియో లింకు పంపితే చాలు. ఇది నాకు బాగుంది. ఒకసారి పడ్డ కష్టం ఏళ్లపాటు పనికొస్తుంది. డబ్బా మీద ఆహార లైసెన్సుది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరుంది, దాన్ని వాళ్ల సైటులో కొడితే ఏమొస్తుందో కూడా ఆ వీడియోలోనే చూపిస్తాను.

బాబాయి: యూట్యూబు ఒప్పుకున్నావు. ఇక ఫేస్‌బుక్.

అమ్మాయి: లేదు.

బాబాయి: ప్రకటన ఇస్తే? ఏ ఊరి చుట్టుపక్కల, ఏ వయసువాళ్లకు కనపడాలో మనమే చెప్పొచ్చంట. నొక్కితే నేరుగా నీ వాట్సాప్‌లోకే వస్తారంట. నీకిష్టమైన చోటికే తెచ్చి నిలబెడుతుంది గదా.

అమ్మాయి: అది వేరే సంగతి. అందులో నేను కాపురముండక్కర్లేదు. సరుకు చేతిలో ఉన్న నాలుగు రోజులకు డబ్బు కట్టి, అయిపోగానే ఆపేయొచ్చు. ఆవకాయ జాడీలు ఊరి, డబ్బాల్లోకి ఎత్తడానికి సిద్ధమయ్యాక కొద్దిగా పెట్టి చూస్తాను. హైదరాబాదులో రెండు పేటలకు మాత్రమే. పేజీలో కబుర్లు రాస్తూ కూర్చోవడం మాత్రం నావల్ల కాదు. షేర్‌చాట్ వద్దు, అక్కడి బొమ్మలు చివరికి వాట్సాప్‌కే ఫార్వర్డ్ అయి వస్తాయి. ఎక్స్, లింక్డిన్ ఊసే ఎత్తకు.

బాబాయి: ఎత్తనులే. అన్నిట్లో పేరు మాత్రం తీసి పెట్టుకో. ఇంకెవడో మన పేరుతో ఖాతా తెరిచి డబ్బులు గుంజితే?

అమ్మాయి: అది చేస్తాను. ఒక ఫొటో, ‘ఆర్డర్లకు ఈ నంబరుకు వాట్సాప్ చేయండి’ అని ఒక్క వాక్యం. కామెంట్లు మూసేస్తాను. అప్పుడు జవాబు రాలేదని ఎవరూ నొచ్చుకోరు.

బాబాయి: మరి హాస్టల్ పిల్ల? ఇందాక మాట తప్పించావు, నేను మరిచిపోలేదు.

అమ్మాయి: నేనూ మరిచిపోలేదు. ఆ పిల్ల కోసం రీళ్లు చేసే తీరిక నాకు లేదు. నీ చిన్నకూతురు గుంటూరులో చదువుతోంది గదా, దానికి ఇష్టం ఉంటే వారానికి ఒకటి చేయమను. దాని మాటల్లో, దాని ఈడు పిల్లలు నవ్వుకునేట్టు. నేను చేస్తే పెద్దమ్మ పాఠం చెప్పినట్టుంటుంది. పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంటుంది. ధర అడిగినవాళ్లను అది నా నంబరుకు పంపాలి, తనే చెప్పకూడదు. పావుకిలోలు నాలుగు కలిపి ఒకే పెట్టెలో ఒకే హాస్టల్‌కు పంపితే కొరియర్ కూడా కలిసొస్తుంది. అది దాని పని, నలుగురు పిల్లల్ని కూడగట్టడం.

బాబాయి: దానికి కూలి?

అమ్మాయి: వచ్చిన దాంట్లో వాటా. పనికి కూలి లేకపోతే నెలకు మించి ఎవరూ చెయ్యరు, చుట్టరికమైనా సరే.

బాబాయి: అట్టయితే నా మాటే నెగ్గింది. వాట్సాపు, యూట్యూబు, ఇన్‌స్టా, గూగుల్ మ్యాపు కూడా పెడతావు గదా? నాలుగయ్యాయి.

అమ్మాయి: నేను కూర్చునేది ఒక్కచోటే బాబాయ్. యూట్యూబు ఏడాదికి నాలుగుసార్లు, మ్యాపు ఒక్కసారి పెట్టి వదిలేసేది, ఇన్‌స్టా చెల్లిది. ఇంకో షరతు. కొత్తగా ఫోను చేసిన ప్రతి మనిషినీ ‘మా సంగతి ఎక్కడ విన్నారు’ అని అడిగి ఈ పుస్తకంలో రాయాలి. అమ్మతో సహా అందరం. ఇప్పటిదాకా నువ్వు చెప్పిందీ ఊహే, నేను చెప్పిందీ సగం ఊహే.

బాబాయి: రాయి. ఫేస్‌బుక్ అని ఒక గడి కూడా గీసి పెట్టు.

అమ్మాయి: పేజీ లేకుండా గడి ఎందుకు?

బాబాయి: బరంపేట అమ్మల కొడుకులు ఎవరైనా అక్కడ నీ పచ్చడి ఫొటో పెట్టి ఉండొచ్చు. నీకు తెలియకుండానే అక్కడ నీ గురించి మాట్లాడుకుంటూ ఉండొచ్చు. ఆ గడిలో నాలుగు పేర్లు పడితే, పేజీ నేను చూసుకుంటా. రాత్రి కొట్టు మూశాక నాకు పనేముంది?

అమ్మాయి: నువ్వు చూసుకుంటానంటే వద్దనను. ధరలు మాత్రం నన్నడక్కుండా చెప్పకు. నీ రైతులకిచ్చినట్టు అప్పు మీద పచ్చళ్లు ఇస్తానని అసలే అనకు. ఆవకాయ పార్సిళ్లు అయిపోయాక, జూన్ చివర్లో రా. పుస్తకం ముందేసుకుని గడులు లెక్కపెడదాం.